చాటలో ఎర్ర రాళ్లు

సోమవారం ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు నా కోడలి ఫోనుకు ఒక సందేశం వచ్చింది. ఈ గురువారం కౌన్సెలింగ్ ఉండదనీ, మేడమ్ గారు నిన్న సాయంత్రం ప్రభువునందు నిద్రించారనీ, భూస్థాపన రేపు పదకొండు గంటలకనీ అందులో ఉంది. పంపినది మేడమ్ తమ్ముడి కొడుకు. కోడలు దాన్ని రెండుసార్లు చదివి వినిపించింది. మూడోసారి నేనే ఫోను అందుకుని, కళ్లద్దాలు తుడుచుకుని చదివాను. అంకెల్లో పొరపాటేమీ లేదు.

మాకు ఆమెతో ఇంకొక్క గురువారం మిగిలి ఉంది. మా మనవరాలు పదో తరగతి తరువాతి పీయూసీని కలబురగి హాస్టల్లో ఉండి చదువుతుందా, బీదర్‌లోనే ఇంట్లో ఉండి చదువుతుందా అన్నది ఆ గురువారం తేలవలసి ఉంది. దరఖాస్తుకు చివరి రోజు శుక్రవారం. ఆమె సంగతి రాయడానికి కూర్చుని ముందుగా మా ఇంటి సంగతి చెప్పడానికి కారణం ఉంది. నేను ఆమెను చూసినదంతా దాదాపు మా ఇంటి ఫోనులోంచే.

ఆమె పేరు ఇక్కడ రాయను. తేదీలూ రాయను. ఈ రెండూ ఆమె పెట్టిన నియమాలు. కౌన్సెలింగ్‌లో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు, జరిగిపోయినదాన్ని తేదీతో సహా ఎత్తకూడదు. "తారీఖు జెప్పిన్రంటే అది కౌన్సెలింగ్ గాదు, కోర్టు" అనేవారు. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు తాలూకా కార్యాలయంలో వానలెక్క రాసినవాణ్ని. తేదీ లేని కాగితం మీద సంతకం పెట్టి ఎరుగను. తేదీలు లేకుండా ఇంత పొడుగు రాయడం నాకు ఇదే మొదటిసారి. వారాలను, గంటలను, నిమిషాలను ఆమె నిషేధించలేదు కనుక వాటితోనే సరిపెట్టుకుంటున్నాను.

ఆరు గురువారాలు ఆమెను ఫోనులో చూశాను. ఒక్కో గురువారం నలభై ఐదు నిమిషాలు. మొత్తం నాలుగున్నర గంటలు. ఆ నాలుగున్నర గంటల్లో నాకు కనిపించినవి ఆమె నుదురు, కళ్లద్దాల పై అంచు, వాళ్లింటి పైకప్పు, దానికి వేలాడే ఫ్యాను. ఫోనును దేనికి ఆనించేవారో తెలియదు గాని కళ్ల కింది భాగం ఒక్కసారీ తెర మీదికి రాలేదు. నుదుటి మీద ఎడమవైపున కందిగింజంత మచ్చ ఒకటి ఉండేది. నెరిసిన వెంట్రుకలను నడిపాపిట తీసి గట్టిగా వెనక్కి లాగి కట్టుకునేవారు. ఫ్యానుకు మూడు రెక్కలు. వాటిలో ఒకటి కొద్దిగా వంగి ఉంది. ఫోను కాస్త కిందికి వంచమని మా అబ్బాయి మొదటి వారమే మర్యాదగా అడిగాడు.

"నా మొఖం జూసి ఏంజేస్తవ్ తమ్మీ? మీ మొఖాలు నేను జూడాలె" అన్నారు. ఆ తరువాత ఎవరమూ అడగలేదు.

గొంతు మాత్రం పూర్తిగా వచ్చేది. ఇరవై ఆరేళ్లు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా పనిచేసి విరమించిన గొంతు అది. మా కోడలితో తెలుగులో మాట్లాడేవారు. మా అబ్బాయి జవాబు దాటవేయబోతే దక్కనీ ఉర్దూలోకి దిగేవారు. ఎవరైనా హద్దు మీరి మాట్లాడితే కన్నడంలో ఒకే ఒక్క మాట, "సాకు" అనేవారు. చాలు అని దాని అర్థం. తెలుగులో చాలు అంటే మావాళ్లు ఇంకో రెండు వాక్యాలు పూర్తి చేసి గాని ఆగరు. కన్నడంలో సాకు అంటే మాత్రం చిన్నప్పటి బడి గుర్తొచ్చి నోరు దానంతటదే మూతపడుతుంది. మొదటి గురువారం నాకు తొమ్మిది సాకులు పడ్డాయి. మా అబ్బాయికి నాలుగు, కోడలికి రెండు. మనవరాలికి ఒక్కటీ పడలేదు, ఆ పిల్ల మాట్లాడితే గదా.

మేము మాట్లాడుతున్నంతసేపూ ఆమె సాసర్లో చాయ్ పోసుకుని తాగే చప్పుడు వినిపించేది. ఎవరి గొంతయినా గద్గదమయినప్పుడు మాత్రం ఆ చప్పుడు ఆగేది. ఫోను కట్ చేయడం ఆమెకు చివరిదాకా చేతకాలేదు. అయిపోయింది, పోయిరాండ్రి అని చెప్పి, మేము కట్ చేసేదాకా అలాగే కూర్చునేవారు.

వాళ్లిల్లు మా ఇంటికి రెండున్నర కిలోమీటర్లు. ఆటోలో పన్నెండు నిమిషాలు. ఇంత దగ్గరలో ఉండి ఫోనులో మాట్లాడటమేమిటి, ఇంటికే రావచ్చు గదా అని నేను ఒకసారి అడిగాను.

"నేనొస్తున్నంటే మీరు ఇల్లు ఊడుస్తరు. మంచి బట్టలు గట్టుకుంటరు. చాయ్ వెడతరు. లొల్లిని అల్మారల వెట్టి తాళమేస్తరు. ఫోన్ల అయితే ఎనక తీగె మీద బట్టలు గూడ కనవడతయి కాకా."

నేను వెనక్కి తిరిగి చూశాను. నా బనియన్లు మూడు ఆరుతున్నాయి.

మేము ఆమె దగ్గరికి చేరేనాటికి మనవరాలు నాతో మాట్లాడటం మానేసి పంతొమ్మిది రోజులయింది. అన్నం పళ్లెం తీసుకుని తన గదిలోకి పోయేది. పదో తరగతి పరీక్షలు ముగిసిన వారానికే కలబురగి హాస్టలు ఫారం తానే తెచ్చుకుని నింపింది. ఎందుకే అని తల్లి అడిగితే ఇంట్ల ఉండబుద్ధయితలేదని చెప్పి తలుపు వేసుకుంది. కోడలు ఉపాధ్యాయురాలు. వాళ్ల బడిలో తల్లిదండ్రుల కోసం ఈ ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కాగితాలు పంచితే, ఒకటి ఇంటికి తెచ్చి, గురువారం సాయంత్రం నాలుగున్నరకు సమయం తీసుకుంది.

నేను ఆధారాలతో సిద్ధమయ్యాను. పదో తరగతి మొదలైన రోజు నుంచీ ఆ పిల్ల ఎన్ని గంటలు చదివింది, ఎన్ని గంటలు ఫోను చూసింది, ఎన్ని గంటలు నిద్రపోయింది అన్నీ పట్టిక గీసి రాశాను. నెలకొక కాగితం చొప్పున, ఒకదాని మీద ఒకటిగా హాలు గోడకు అంటించాను. పిల్లకు తన స్థితి తనకు తెలియాలన్నదే నా ఉద్దేశం. మొదటి గురువారం ఆ కాగితాల నకళ్లన్నీ ముందేసుకుని చదవడం మొదలుపెట్టాను. సాకులు లెక్కచేయకుండా పదకొండు నిమిషాలు చదివాను. నేను గుక్క తిప్పుకోవడానికి ఆగగానే ఆమె మా కోడలిని పిలిచారు.

"బిడ్డా, మీ ఇంట్ల చాట ఉన్నదా?"

ఉందని చెప్పింది కోడలు.

"అండ్ల కందిపప్పు పొయ్యి. నలుగురు సుట్టు కూసోండ్రి. రాళ్లేరుండ్రి. ఫోన్‌ను బిందెకు ఆనియ్యి."

మేము కౌన్సెలింగుకు కూర్చున్నామని మా అబ్బాయి గుర్తుచేశాడు. తాను కూడా దానికే కూర్చున్నానని ఆమె చెప్పారు.

అదే ఆమె పద్ధతి. ఎందుకో ఏనాడూ వివరించలేదు. చాటలోంచి తల ఎత్తవద్దు, ఎవరి మొఖమూ చూడవద్దు, చేతులు ఆగవద్దు, మాట వస్తే రానీ, రాకపోతే మానీ. ఇంతే. మా నలుగురి నడినెత్తులు ఆమెకు కనిపించేవి, ఆమె నుదురు మాకు కనిపించేది. మా పరిచయం ఆ మేరకే.

మొదటి గురువారం మేము ఏరినది చిమ్కోడ్‌లోని మా పొలం కంది. ఇంట్లోనే విసిరిన పప్పు. అందులో రాళ్లు నిజంగానే ఉన్నాయి. ఇరవై రెండు నిమిషాలపాటు ఏరాము. కాగితాలు చదవడానికి వీలులేదు గనుక నేను రాళ్లు లెక్కపెట్టాను. చివర్లో నిగ్గు తేల్చి ఇరవై తొమ్మిది అని ప్రకటించాను.

"ముప్పై" అంది మనవరాలు తల ఎత్తకుండానే. "నీ మోకాలి కింద ఒకటున్నది తాతా."

మోకాలు ఎత్తి చూశాను. ఉంది. పంతొమ్మిది రోజుల తరువాత ఆ పిల్ల నాతో అన్న మొదటి మాట అది.

"రాసుకోండ్రి కాకా, ముప్పై" అన్నారు ఫోనులోంచి.

ఈ "రాసుకోండ్రి కాకా" ఆమె నా కోసం ప్రత్యేకించిన మాట. నేను రాసుకోబోయినప్పుడల్లా కలం కింద పెట్టించేవారు. నేను ఏమీ అనుకోకుండా ఉన్నప్పుడు రాసుకోమనేవారు. అలా ఆమె చెప్పి రాయించినవి ఆరు వారాల్లో ఎనిమిది. వాటిలో ఐదింటి ప్రాముఖ్యం నాకు ఇప్పటికీ తెలియదు.

రెండో గురువారం ఒక విచిత్రం జరిగింది. మనవరాలు ఏదో అనబోయి ఆగింది. ఆ ఖాళీని మా అబ్బాయి తన దుకాణం కబుర్లతో నింపబోయాడు. అంతలో మేడమ్ "నేననేదేందంటే" అని మొదలుపెట్టి మాట మధ్యలో ఆగిపోయారు. కనుబొమలు పైకెత్తినవి ఎత్తినట్టే నిలిచాయి. నెట్‌వర్క్ పోయిందన్నాడు అబ్బాయి. మళ్లీ కలుపుదామని చేయి చాచాడు. దానంతటదే వస్తుందిలే, పప్పు ఏరమంది కోడలు. మేడమ్ వినడం లేదన్న ధైర్యంతో కాబోలు, మనవరాలు తల్లితో మాట్లాడింది. గొంతు సన్నగా ఉంది గాని మాటలు స్పష్టంగా ఉన్నాయి.

"బాత్రూముల ఎన్ని నిమిషాలున్ననో గూడ రాసిండమ్మా తాత. రాసి గోడకు వెట్టిండు. నా దోస్తులు వచ్చి సదివి నవ్విన్రు. ఆనాటి సంది నేను ఎవ్వల్నీ ఇంటికి పిలుస్తలే."

నిజమే. పట్టికలో చివరి గడికి "ఇతరములు" అని పేరు పెట్టాను. స్నానమూ తదితరాలూ అందులో రాశాను. నిమిషం తేడా లేకుండా రాశాను. స్నేహితురాళ్లు వచ్చింది కూడా నాకు తెలుసు; ముగ్గురు, ఆదివారం, నాలుగు గంటల పది నిమిషాలకు. వాళ్లు నవ్వినట్టు మాత్రం నా దగ్గర నమోదు లేదు.

ఆ క్షణంలో చాట వైపూ చూడలేక, పిల్ల వైపూ చూడలేక ఫోను వైపు చూశాను. నుదురు కదలడం లేదు. కనుబొమలు కదలడం లేదు. వెనుక ఫ్యాను మాత్రం తిరుగుతోంది. వంగిన రెక్క చుట్టు చుట్టుకూ ఒకసారి మెరుస్తోంది. నెట్‌వర్క్ పోతే ఫ్యాను కూడా ఆగిపోవాలి. నేను ఎవరికీ చెప్పలేదు. నాలుగు నిమిషాల తరువాత ఆమె కనుబొమలు కిందికి దిగాయి. నెట్‌వర్క్ పోయినట్టుందే, ఏం మాట్లాడుకున్నారని అడిగారు. ఏమీ లేదన్నాడు అబ్బాయి. మంచిదన్నారు.

ఆరు వారాల్లో ఆమెకు ఏడుసార్లు నెట్‌వర్క్ పోయింది. ఫ్యానుకు ఒక్కసారీ పోలేదు.

మూడో గురువారం, మేము పప్పు ఏరుతుండగా, ఆమె ఉన్నట్టుండి నా ఉద్యోగం గురించి అడిగారు. ఇన్నాళ్లకు ఒకరు సరైన ప్రశ్న వేశారని సంతోషించాను.

"వాన కొలిచే డబ్బాను దినానికి ఎన్నిసార్లు జూస్తుంటిరి కాకా?"

"ఒక్కసారి. పొద్దున ఎనిమిదిన్నరకు."

"గంటగంటకు మూత దీసి జూస్తే?"

"చూడొద్దు. ఆవిరైపోతది. లెక్క తప్పుతది."

"రాసుకోండ్రి కాకా."

నేను రాసుకున్నాను. రాసి, చుక్క పెట్టి, మళ్లీ చదువుకున్న తరువాత గాని అది ఎవరి గురించో నాకు తెలియలేదు. మా అబ్బాయి చాటలోకి వంగి దగ్గుతున్నాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు. మరునాడు ఉదయం ఎనిమిదిన్నరకు గోడ మీది కాగితాల దొంతరను ఊడదీశాను. నేను వాడిన జిగురు గట్టిది. సున్నంతో సహా వచ్చింది. ఆ చోట పద్నాలుగు అంగుళాల పొడవున మచ్చ ఇప్పటికీ ఉంది.

ఇక రాళ్ల సంగతి. నాలుగో గురువారానికి చిమ్కోడ్ పప్పు అయిపోయింది. గంజ్ బజారులో మేము ఎప్పుడూ సామాను తెచ్చే కిరాణా దుకాణం నుంచి ప్యాకెట్ పప్పు వచ్చింది. మిషనులో శుభ్రం చేసినదని ప్యాకెట్ మీదనే రాసి ఉంది. ఆ గురువారం అందులో ముప్పై ఒక్క రాళ్లు వచ్చాయి. ఐదో గురువారం ఇరవై ఎనిమిది. ఇది వినియోగదారుణ్ని మోసం చేయడమేనని నిర్ణయించుకుని, లెక్క రాసిన కాగితం, రాళ్లు కట్టిన పొట్లం తీసుకుని, శనివారం పదకొండు గంటలకు దుకాణానికి వెళ్లాను.

సేటు కాగితం చదివాడు. పొట్లం విప్పి చూశాడు. తరువాత నా నోటి వైపు చూశాడు.

"మిషన్ పప్పుల రాయి ఏడికెల్లి వస్తది కాకా? పన్నేమన్న ఊడిందా?"

పన్ను సంగతి కాదు, లెక్క సంగతి చూడమన్నాను. సేటుకు పౌరుషం వచ్చింది. కొత్త ప్యాకెట్ చింపి గల్లా బల్ల మీద పరిచాడు. ఇద్దరమూ వంగి వెదికాము. వచ్చిపోయేవాళ్లు ఐదుగురు చుట్టూ చేరి వాళ్లూ వెదికారు. ఒక్క రాయి లేదు. ఇంకో ప్యాకెట్ చింపబోతుంటే, ఆ ఐదుగురిలో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతున్నది. పొట్టి మనిషి. చంకలో గొడుగు. నేను కాస్త చిరాకుగానే అటు తిరిగాను. ఎడమవైపున కందిగింజంత మచ్చ ఉన్న నుదురు.

కొంగు తీశారు. పెద్ద నోరు. పై వరుసలో ఒక పన్ను లేదు. ఐదు వారాలుగా నేను గౌరవిస్తూ వచ్చిన నుదురు కింద అలాంటి నవ్వు ఉంటుందని నాకు ఏ ఆధారమూ లేకపోయింది.

"సేటును ఇడిచిపెట్టుండ్రి కాకా. రాళ్లు నావి" అన్నారు.

దుకాణం మెట్ల పక్కకు వచ్చి వివరం చెప్పారు. మిషన్లు వచ్చి తన పని ఖరాబు చేశాయట. ఏ ఇంట్లో చూసినా ప్యాకెట్ పప్పే, ఏరడానికి ఏమీ ఉండదు, ఏరకపోతే ఎవరూ కూర్చోరు, కూర్చోకపోతే ఎవరూ మాట్లాడరు. అందుకని మా కోడలికి ముందుగానే చెప్పి, పెరటిలోంచి చిన్న చిన్న రాళ్లు ఏరి, కడిగి, ఆరబెట్టి పప్పులో కలపమన్నారట. నేను పొట్లం విప్పి చూసుకున్నాను. రాళ్లన్నీ ఎర్రవి. మా చిమ్కోడ్ పొలం నల్లరేగడి. ఈ ఎర్రరాయి బీదర్ ఊరిది, మా పెరటిది. మొదటి మూడు వారాలు నల్లరాళ్లు, తరువాత ఎర్రరాళ్లు అని నేను గమనించవలసింది. సంఖ్య చూశాను గాని రంగు చూడలేదు.

ఓటమిని ఒక్కణ్నే మోయడం ఇష్టం లేక, నా దగ్గర ఉన్నదీ బయటపెట్టాను.

"మీ ఫ్యాన్ తిరుగుతుంటది మేడమ్."

నవ్వు ఆగింది. "ఎప్పటి సంది తెలుసు?"

"రెండో గురువారం సంది."

"ఎవలికన్న జెప్పిన్రా?"

"చెప్పలే. రాసుకున్న."

"కొట్టేయుండ్రి" అన్నారు. ఫ్యాను ఆపి కూర్చుంటే ఏమవుతుందని అడిగాను. ఆపితే చెమట పడుతుందట, నుదుటి మీద చెమట కారుతుంటే కదలకుండా కూర్చోవడం తన వల్ల కాదట. ఇది సహేతుకంగానే తోచింది.

అవకాశం దొరికింది గనుక చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగాను. ఇప్పటివరకు ఎన్ని కుటుంబాలతో మాట్లాడారు, వాటిలో ఎన్ని బాగుపడ్డాయి, నూటికి ఎంత?

"లెక్క లేదు కాకా. బాగైనోళ్లు మల్ల ఫోన్ జెయ్యరు. చెయ్యకపోతే బాగైన్రని అనుకుంట."

వేరే కారణాల వల్ల కూడా చేయకపోవచ్చు గదా అన్నాను. అనవలసింది కాదు, కాని అలాంటి లెక్కలో ఉండే లోపం అది.

"అవ్" అన్నారు. గొడుగును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నారు. "అందుకే లెక్క వెట్టను."

ఆరు నిమిషాల నడక మా ఇల్లు, చాయ్ తాగిపొమ్మని పిలిచాను. వద్దన్నారు. తాను వస్తే మళ్లీ ఇల్లు ఊడవవలసి వస్తుందన్నారు. రోడ్డు దాటి, గొడుగు ఊపి ఒక ఆటోను ఆపి ఎక్కారు. ఎండా లేదు, వానా లేదు, ఆ గొడుగు ఆటోలను ఆపడానికేనని నాకు అప్పుడు తెలిసింది.

ఆరో గురువారం నాటికి మనవరాలు నాతో మామూలుగానే మాట్లాడుతున్నది. హాలులోనే అన్నం తింటున్నది. అయినా నింపిన ఫారం ఆ పిల్ల బల్ల మీదే ఉంది, చింపేయలేదు, ఇచ్చిరాలేదు. ఎవరికీ అడిగే ధైర్యం లేదు. అది మేడమ్‌కు తెలుసు. ఆ రోజు చివర్లో, వచ్చే గురువారం తేలుద్దాం, అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ఈ మాట ఎత్తవద్దన్నారు.

"పోవుడో, ఉండుడో, చాట ముందట చెప్పాలె. చెప్పినంక ఎవ్వలూ బతిలాడొద్దు. కాకా, మీకే."

ఆ రోజు ఫోను కట్ చేయడం మేమూ మరచిపోయాము. ఆమె లేచి వెళ్లిపోయారు. మూడు నిమిషాలపాటు ఫోనులో ఆ ఫ్యాను ఒక్కటే తిరిగింది. సాసర్లో చాయ్ పోసిన చప్పుడు వినిపించింది. తరువాత కోడలు కట్ చేసింది.

మంగళవారం భూస్థాపనకు నలుగురమూ వెళ్లాము. పాస్టరు ప్రార్థన చేసినంతసేపు నేను మనుషులను లెక్కపెట్టాను, నూట ఏడుగురు. బంధువులు ఒకవైపు, చర్చివాళ్లు ఒకవైపు నిలబడ్డారు. మూడోవైపు గుంపులు గుంపులుగా నిలబడ్డవాళ్లు మాత్రం ఒకరికొకరు తెలియనివాళ్లు, వాళ్ల వెంట పిల్లలు. అందరూ పెట్టెలోకి వంగి, ఆమె గడ్డం వైపు కొత్తగా చూస్తున్నారు. వాళ్లూ మాలాగే ఫోనులో నుదురు వరకే ఎరిగినవాళ్లని దాంతో నాకు అర్థమైంది.

ధన్నూర నుంచి వచ్చిన ఒక రైతు నా పక్కన నిలబడ్డాడు. కాసేపు తటపటాయించి, మెల్లగా అడిగాడు.

"మీకేమిచ్చింది?"

"కందిపప్పు" అన్నాను.

"మాకు ఉల్లిగడ్డలు. ఆరు వారాలు పొట్టు దీసినం. ఎవ్వడు నిజంగ ఏడుస్తుండో తెల్వకుంట అందరం ఏడ్సినం."

వెనుక నుంచి ఒకావిడ తమకు చిక్కుడుకాయ అన్నది. ఇంకొకరికి ఎల్లిపాయ. ఒక యువ దంపతులకు చిక్కుపడిన దారపు ఉండ ఇచ్చారట. వాళ్లు అది ఇంకా పూర్తిగా విప్పలేదట. నవ్వకూడని చోట నవ్వు వస్తుంటే అందరమూ నేల వైపు చూశాము. నేను ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి ఒకే ప్రశ్న వేశాను. కౌన్సెలింగ్ అయిపోయిన తరువాత ఆమెకు మళ్లీ ఎప్పుడైనా ఫోను చేశారా? తొమ్మిది కుటుంబాలను అడిగాను. పని పడలేదని ఐదు కుటుంబాలు, చేద్దామనుకుంటూనే ఉన్నామని నాలుగు కుటుంబాలు చెప్పాయి. ఒక్కరూ చేయలేదు.

ఆమె లెక్క సరిగానే ఉంది. దాన్ని ఆమెకు చెప్పడానికి రెండు రోజులు ఆలస్యమైంది.

గురువారం వచ్చింది. ఉదయం నుంచి ఇంట్లో ఎవరూ ఎవరి వైపూ చూడటం లేదు. ఫారం ఆ పిల్ల బల్ల మీదే ఉంది. మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, వంటింట్లో ఎవరూ లేని సమయం చూసి, నేను పెరటిలోకి వెళ్లాను. ఇరవై ఒక్క ఎర్ర రాళ్లు ఏరాను. కడిగాను. పంచెతో తుడిచాను. పప్పు డబ్బా మూత తీసి అందులో వేసి, గరిటెతో కలిపి, మూత పెట్టాను. ఉద్యోగ జీవితంలో నేను ఏ కొలతలోనూ కల్తీ చేయలేదు.

నాలుగున్నరకు చాట తెచ్చి హాలులో పెట్టాను. పప్పు పోశాను. ఫోను లేకపోయినా అలవాటు చొప్పున బిందెను దాని చోటనే ఉంచాను. ఎవరినీ పిలవలేదు. కోడలు వచ్చి కూర్చుంది. అబ్బాయి దుకాణం మూసి అప్పటికే వచ్చి ఉన్నాడు, అతనూ కూర్చున్నాడు. చివరికి మనవరాలు గదిలోంచి వచ్చి, బిందె వైపు ఎప్పటిలాగే మేడమ్‌కు ఖాళీ వదిలేసి, నా పక్కన కూర్చుంది. పదహారు నిమిషాలు ఏరాము.

"నేను పోత తాతా" అంది. "మొదలు కోపంతోనే ఫారం దెచ్చిన. ఇప్పుడు కోపం లేదు. సదువుకే పోత."

బతిమాలవద్దని ఆజ్ఞ ఉంది. బతిమాలలేదు. నెలకు ఎన్ని శనివారాలు ఇంటికి రావడానికి వీలవుతుంది, కలబురగి రైలు ఎన్ని గంటలకు, హాస్టలు వాళ్లు సెలవు ఏ పద్ధతిలో ఇస్తారు, రాతపూర్వకంగా ఇస్తారా అని మాత్రం అడిగాను.

"సాకు" అంది మనవరాలు.

నా నోరు దానంతటదే మూతపడింది. అబ్బాయి చాటలోకి వంగి దగ్గాడు. మనవరాలు ఇంకో రెండు రాళ్లు ఏరి పక్కన పెట్టింది.

"దినాం ఫోన్ జెయ్యి. ఒక్కసారే. పొద్దున ఎనిమిదిన్నరకు. రాసుకో తాతా."

నేను రాసుకున్నాను. పప్పు ఏరడం అయిపోయింది. రాళ్లన్నీ అరచేతిలో పోసుకుని లెక్కపెట్టాను. ముప్పై నాలుగు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాను. ముప్పై నాలుగే. అన్నీ ఎర్రవే.

నేను వేసినవి ఇరవై ఒకటి. మిగతా పదమూడు ఎవరు వేశారని నేను అడగలేదు. ముగ్గురూ తల వంచుకునే ఉన్నారు.